బొమ్మ ఒంటి మీది గౌను

పాపాయి చదువు పూర్తయిన దగ్గర్నుంచీ వాళ్ల నాన్నకు ఒక కొత్త ఇబ్బంది వచ్చిపడింది. వీధి చివర మందుల షాపు ఆయనది. మాత్రల కోసం వచ్చినవాళ్లు ఊరికే ఉండరు కదా, మీ అమ్మాయి ఏం చదివిందండీ అని అడుగుతారు. ఫ్యాషన్ మార్కెటింగ్ అని ఈయన చెబుతాడు. ఫ్యాషన్ అన్న మాట చెవినబడ్డవాళ్లు కుట్టుపని అనుకునేవాళ్లు. మార్కెటింగ్ అన్న మాట చెవినబడ్డవాళ్లు సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మే పని అనుకునేవాళ్లు. రెండూ సరిగ్గా విన్న ఒకావిడ మర్నాడు తన గౌను తెచ్చి, చంకల దగ్గర కాస్త వదులు చేసి పెడుతుందేమో అడగండి అని కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయింది. ఆయన మొహమాటస్తుడు. ఆ గౌను చాలా రోజులు దగ్గుమందు సీసాల పక్కన అలాగే పడుంది.

కింది వాటాలో ఉండే మేనత్తకు మొహమాటం ఇంటా వంటా లేదు. ఒకరోజు పాపాయిని మెట్ల దగ్గర పట్టుకుని నిలదీసింది.

"గుడ్డలమ్మడానికి డిగ్రీ ఎందుకే? గుడ్డ బాగుంటే అదే అమ్ముడుపోతుంది. బాగోకపోతే నువ్వెంత చదివినా ఎవరూ కొనరు."

"బాగుందని వాళ్లకి తెలియాలి కదా అత్తయ్యా."

"కళ్లున్నాయిగా."

దానికి పాపాయి దగ్గర జవాబు లేకపోలేదు. ఉన్నది పుస్తకం జవాబు. అత్తయ్య ముందు అలాంటివి నిలవవు.

పాపాయి అన్నది ఇంట్లో పిలుపు. ఆ పిలుపుకు తగిన వయసు దాటి చాలాకాలమైనా ఎవరూ మార్చలేదు, ఆమె కూడా పట్టుబట్టలేదు. తనతో చదివినవాళ్లందరూ తలో దారీ పట్టారు. ఒకమ్మాయి ఇంట్లో కూర్చుని, ఆన్‌లైన్‌లో అమ్మే బట్టల ఫొటోల కింద రెండేసి వాక్యాలు రాస్తోంది. తెల్ల చొక్కాను రోజుకో కొత్త మాటతో పొగడాలంటే ప్రాణం మీదికొస్తోందని ఫోన్ చేసినప్పుడల్లా వాపోయేది. ఇంకొకతి ఫొటోలు తీసే చోట మోడళ్లకు బట్టలు తొడిగే పనిలో కుదిరింది. స్టైలిస్ట్ అని పేరే గానీ, ఇస్త్రీ పెట్టె, చెప్పుల డబ్బాలు మోయడమే సగం పని. మరొకడు దుకాణాల ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్లను ఆపి, ఏం కొన్నారు, ఎందుకు కొన్నారు అని అడిగి కంపెనీకి చెబుతాడు. వద్దు బాబూ మాకు వద్దు అని జనం పక్కకు తప్పుకుపోతుంటే మొదట్లో బాధపడేవాడు, ఇప్పుడు నవ్వుతున్నాడు. ఇంకా ప్రకటనల ఆఫీసులున్నాయి, ఏ సరుకు ఏ ఊరికి ఎంత పంపాలో చూసే పనులున్నాయి, పెద్ద దుకాణాలకు బట్టలు ఎంచి కొనే పనులున్నాయి. ఆ చదువుకు దారులు లేవని కాదు. అన్నీ మొదట్లో సన్నగా ఉంటాయి, ముందు ఏముందో కనబడదు, అంతే.

పాపాయి మనసు మాత్రం ఒక్కదాని మీదే ఉంది. దుకాణం ముందు అద్దం వెనక, బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెట్టే షో కేసు పని. రోడ్డు మీద తన ధ్యాసలో తాను పోయే మనిషి, ఏ కారణమూ లేకుండా ఒక్క క్షణం అడుగు ఆపి చూడాలి. ఆ ఆగడం తన చేతి వల్ల జరగాలి. దేవుడు తనకు ఇంకేమీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఇది చాలు అనుకునేది. దేవుణ్ణి ఇలాంటివి అడగొచ్చా లేదా అన్న అనుమానం కూడా ఆమెకు లేకపోలేదు. అడిగేది మాత్రం మానలేదు.

పెద్ద బజారులో మూడంతస్తుల బట్టల దుకాణంలో ఆమెకు ట్రయల్ పని దొరికింది. మూడు నెలలు చూస్తారు. నచ్చితే షో కేసు విభాగంలో ఉన్న ఒకే ఒక్క ఖాళీ ఆమెకిస్తారు. నచ్చకపోతే ఇంటికి. పొద్దున షో కేసు దగ్గర, మధ్యాహ్నం నుంచి రిటర్న్ కౌంటర్ దగ్గర అని మేనేజర్ మేడమ్ చెప్పింది. కొన్న బట్టలు నచ్చక వెనక్కి తెచ్చేవాళ్ల కౌంటర్ అది. అక్కడ కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకు అంటగడతారు.

షో కేసు విభాగానికి పెద్ద, అందరూ బొమ్మల మాస్టారు అని పిలిచే ఆయన. ఇరుకు భుజాల మనిషి, రిటైరయ్యే వయసు. ఎడమ మణికట్టుకు గుండుసూదులు గుచ్చిన చిన్న దిండు కట్టుకుంటాడు, కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కావలసినప్పుడు దాని కోసం దుకాణమంతా వెతుకుతాడు. బొమ్మలతో మాట్లాడతాడు. "కాస్త తిన్నగా నిలబడు తల్లీ" అని బతిమాలుతాడు. మొదటిరోజే పాపాయికి వాళ్లను పరిచయం చేశాడు.

"వీళ్లు తినరు, లావెక్కరు, జీతం పెంచమనరు. మేనేజరమ్మకి మనకన్నా వీళ్లంటేనే ఇష్టం. నువ్వు బాధపడకూడదు."

దుకాణం తెరవకముందే పని. అద్దానికి లోపలివైపు గోధుమరంగు కాగితం అంటించి మరుగు చేస్తారు. బొమ్మ చేతులు ముందే ఊడదీసి పక్కన పెట్టాలి, లేకపోతే చొక్కా ఎక్కదు. గౌను తొడిగి, చేతులు బిగించి, ఆవిరి పట్టి ముడతలు తీస్తారు. ఆ తర్వాతే అసలు పని. బొమ్మ వీపు వెనక చేరి, వదులుగా ఉన్న గుడ్డంతా మడిచి, గుండుసూదులతో, క్లిప్పులతో పట్టి బిగిస్తారు. గౌను చేతుల్లో పల్చటి కాగితం కుక్కుతారు. ముందునుంచి చూస్తే ఆ గౌను ఆ ఒంటికోసమే పుట్టినట్టు ఉంటుంది. వెనకనుంచి చూస్తే ముళ్లపంది. మాస్టారు కాగితం సందులోంచి చెయ్యి బయటికి ఊపితే పాపాయి రోడ్డు మీదికి పరిగెత్తుకెళ్లి చూసి, ఎడమకు, ఇంకొంచెం, చాలు అని సైగ చేసేది. ఆ పరుగుల్లో ఆమెకు ఆకలి గుర్తొచ్చేది కాదు.

ఆ నెలలో హెడ్ ఆఫీసు నుంచి నీలం గౌను వచ్చింది. ఆ కాలానికంతా అదే ముఖ్యమైన సరుకు. గుడ్డ మెత్తన, రంగు చూడగానే మనసు చల్లబడుతుంది. కానీ బాగా వెడల్పుగా కత్తిరించారు. బొమ్మకు తొడగ్గానే బొమ్మ అందులో మునిగిపోయింది. మాస్టారు పెదవుల మధ్య సూదులు పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా, వీపు వెనక చాలాసేపు పనిచేశాడు. కాగితం తీశాక చూస్తే సన్నటి నడుము, నడుం కింద నీళ్లలా జారిన గుడ్డ. రోడ్డు మీద జనం ఆగారు. పాపాయి కళ్లారా చూసింది. మధ్యాహ్నానికల్లా నీలం గౌన్లు అమ్ముడుపోవడం మొదలైంది.

మరి కొద్ది రోజులకు అవే వెనక్కి రావడం మొదలైంది.

రిటర్న్ కౌంటర్ కింది అంతస్తులో లిఫ్టు పక్కన, వెలుతురు సరిగ్గా రాని మూలలో ఉంటుంది. అక్కడ అందరూ గొడవ పడతారని పాపాయి అనుకుంది. పడేవాళ్లు తక్కువ. చాలామంది తప్పు చేసినవాళ్లలా నిలబడేవాళ్లు. బయట అద్దంలో చూసి ఆశపడ్డామనీ, ఇంటికెళ్లి తొడుక్కుంటే అలా లేదనీ చెప్పేవాళ్లు. ఒక నర్సు డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చింది. సన్నటి మనిషి. సంచీలోంచి గౌను తీసి, చక్కగా మడతపెట్టి ఇచ్చింది.

"గౌనుకేం లోపం లేదమ్మా" అంది. "నాకే అలాంటి నడుము లేదు. వేసుకుంటే సంచీలో దూరినట్టుంది. అద్దంలో బొమ్మకి ఎంత బాగుందో."

ఆ మాటకు పాపాయి చెయ్యి ఆగింది. ఆ బొమ్మకు ఆ పొద్దున ఎడమవైపు ఊడిపోతున్న రెండు క్లిప్పులు మళ్లీ బిగించింది తనే. చెబుదామని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయింది. నర్సు థాంక్స్ చెప్పి మరీ వెళ్లింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పాపాయి ఈ సంగతి చెప్పింది. వాళ్ల నాన్న మెల్లిగా తినే మనిషి, మెల్లిగా మాట్లాడే మనిషి. పొద్దునే దీపం పెట్టి దండం పెట్టుకోనిదే షాపు తలుపు తీయడు. అలాగని ఎవరికీ నీతులు చెప్పడు. తనకు తెలియని విషయమైతే అడుగుతాడు.

"వెనక పిన్నులుంటాయని కొనేవాళ్లకి తెలుసా అమ్మా?"

"అన్ని దుకాణాల్లోనూ ఇంతే నాన్నా. అందరికీ తెలిసిందే."

"అందరికీ తెలిస్తే, పాపం ఆ నర్సమ్మ తప్పు తన నడుముదని ఎందుకు అనుకుంది?"

అమ్మ ఆయనకేసి కోపంగా చూసింది. పిల్ల ఉద్యోగం ఇంకా గాల్లో ఉండగా ఈ ధర్మసందేహాలేమిటని తర్వాత విడిగా అంది కూడా. ఆయనా అడక్కుండా ఉండాల్సింది అనుకున్నాడు. కానీ అడిగిన మాట పాపాయి లోపల కూర్చుంది.

సరిగ్గా అప్పుడే మాస్టారు కంట్లో పొర తీయించుకోవడానికి సెలవు పెట్టాడు. షో కేసు మార్చే రోజు వచ్చింది. గోడ రంగు, పూల కుండీ మార్చాలి, గౌను మాత్రం అదే. హెడ్ ఆఫీసు గీసి పంపిన చిత్రం ప్రకారం చెయ్యి చాలు, చేయగలవా అని మేనేజర్ మేడమ్ అడిగింది. ట్రయల్ ముగియడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. ఇది పరీక్ష అని మేడమ్ అనలేదు, అననవసరం లేదు.

పాపాయి ఆ పొద్దున దేవుడి ముందు మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడింది. నా చేత్తో అబద్ధం చెప్పించకు అని కోరుకుంది. దుకాణానికి వెళ్లి, కాగితం అంటించి, బొమ్మ వెనక్కి చేరి ఒక్కొక్క క్లిప్పూ తీసేసింది. చేతుల్లో కుక్కిన కాగితం కూడా లాగేసింది. గౌను ఉన్నది ఉన్నట్టు వదిలేసింది. గోడ రంగు, పూల కుండీ చెప్పినట్టే పెట్టి, మరుగు కాగితం తీసి, బయటికెళ్లి చూసింది.

కర్రకు దుప్పటి తగిలించినట్టుంది.

అయినా మనసుకు నచ్చజెప్పుకుంది. నిజం మొదట్లో ఇలాగే ఉంటుంది, అలవాటవ్వాలి. ఇప్పుడు కొన్నవాళ్లు వెనక్కి తేరు. అది మేలు కాదా? అలా అనుకుంటూనే రెండుసార్లు ఏదో పని కల్పించుకుని బయటికెళ్లి చూసొచ్చింది. రెండుసార్లూ దుప్పటే కనబడింది.

ఆ రోజూ, ఆ మర్నాడూ షో కేసు ముందు ఎవరూ ఆగలేదు. ఒకావిడ మాత్రం ఆగి, పాత సరుకు తీసేస్తున్నారా, తగ్గింపు ఎప్పట్నుంచి అని గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగింది. వాచ్‌మన్ ఆ మాట నలుగురికీ చెప్పి నవ్వాడు. నీలం గౌన్లు కొనేవాళ్లు లేరు. వెనక్కి తెచ్చేవాళ్లు మాత్రం, పాతవి కొన్నవాళ్లు, వస్తూనే ఉన్నారు.

మేనేజర్ మేడమ్ ఆమెను పిలిపించింది. అరవలేదు. ఎందుకిలా చేశావని అడిగింది. పాపాయి నర్సు సంగతి చెప్పింది, పిన్నులు పెట్టడం మోసమనిపించిందని చెప్పింది. మేడమ్ అంతా విని పెన్ను మూత పెట్టింది.

"నీ ఉద్దేశం మంచిదే కావచ్చు. నీ పని బాలేదు. రేపు తలుపులు తీసేసరికి మళ్లీ పాత పద్ధతిలో ఉండాలి."

ఉద్యోగం చేజారినట్టేనని పాపాయికి అర్థమైంది. ఇంటికి నడిచే దారంతా ఒకటే ఆలోచన. అబద్ధం వద్దనుకుంటే తప్పా? మంచి ఉద్దేశంతో చేసిన పని ఇంత వికారంగా ఎందుకు తేలింది? తను అడిగింది దేవుడు ఇచ్చాడా, ఇవ్వలేదా? ఎంత ఆలోచించినా తెగలేదు.

ఇంటి మెట్ల దగ్గర అత్తయ్య ఎదురైంది. ఒంటి మీద నీలం గౌను.

దుకాణంలో పనిచేసేవాళ్లకు తక్కువకు వస్తుందని అమ్మ అంతకు ముందు వారం ఒకటి తెప్పించి అత్తయ్యకు ఇచ్చింది. అత్తయ్య బాగా ఒళ్లున్న మనిషి. బజారులో ఏదీ పట్టదని, దొరికిందల్లా నాసిగా ఉంటుందని ఎప్పుడూ తిట్టుకునేది. ఇన్నాళ్లూ మడత విప్పకుండా ఉంచి ఆ సాయంత్రమే తొడుక్కుంది. పాపాయి మెట్ల కిందే నిలబడిపోయింది. భుజాల దగ్గర ఎక్కడా లాగలేదు. గుడ్డ ఒంటిని పట్టీ పట్టనట్టు జారి, నడిచినప్పుడు కూడా నడిచి, ఆగినప్పుడు ఆగింది. ఒక్క పిన్ను లేదు. అద్దంలో మాస్టారు చాలాసేపు కష్టపడి తెప్పించిన ఆ జారుడు ఇక్కడ దానంతటదే వచ్చింది.

"ఏంటే అలా గుడ్లప్పగించి చూస్తావ్? బాలేదా?"

"బాగుందత్తయ్యా. చాలా బాగుంది."

"నేనూ అదే అనుకుంటున్నా. మొదట్లో మీ దుకాణం అద్దంలో చూసి, ఇది నాబోటిదానికి కాదులే, సన్న నడుంవాళ్లకి అనుకుని దీని మడతే విప్పలేదు. నిన్న అటు పోతూ మళ్లీ చూశా. దాన్ని దెయ్యానికి తొడిగినట్టు పెట్టారు. సరేలే, వదులే కదా అని ఇవాళ వేసుకున్నా. అలా పెట్టినవాడెవడోగానీ వాడికి పని రాదు."

"నేనే పెట్టాను."

అత్తయ్య ఒక్క క్షణం నోరు మూసుకుంది. అది ఆ ఇంట్లో అరుదుగా జరిగే విషయం.

"అయితే మాత్రం" అంది తర్వాత, కాస్త మెత్తబడి, "ఆ బొమ్మకి తిండి పెట్టరా ఏంటి? ఎముకల మీద ఏది వేసినా అంతే."

పాపాయి మెట్ల మీద కూలబడింది. పిల్ల బాధపడుతోందనుకుని అత్తయ్య పక్కన కూర్చుని వీపు నిమిరింది. పాపాయి బాధపడటం లేదు. ఆమెకు ఒక్కొక్కటే తెలుస్తోంది. ఆ గౌను అత్తయ్యలాంటివాళ్ల కోసం కత్తిరించింది. పిన్నులు పెట్టి సన్న నడుము చూపిస్తే సన్నవాళ్లు ఆశపడి కొన్నారు, ఇంటికెళ్లి సంచీలో దూరినట్టు ఉందని తెచ్చిచ్చారు. ఎవరికోసం కుట్టారో వాళ్లు, మనది కాదులే అని అద్దం ముందునుంచే వెళ్లిపోయారు. పిన్నులు తీసేసి తను చేసిందేమిటి? అదే బొమ్మ, అదే ఒళ్లు. ముందు చెప్పింది అబద్ధమైతే, తను చెప్పింది కూడా నిజం కాదు.

మర్నాడు పొద్దున ఎవరూ రాకముందే వెళ్లి, మరుగు కాగితం అంటించి, క్లిప్పులన్నీ తనే మళ్లీ బిగించింది. మాస్టారి చెయ్యంత సాఫీగా రాలేదుగానీ బాగానే వచ్చింది. జనం మళ్లీ ఆగారు. ఈసారి వాళ్లు ఆగినందుకు ఆమెకు సంతోషమూ కలగలేదు, కోపమూ రాలేదు.

మాస్టారు నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చాడు. వాచ్‌మన్ అప్పటికే కథంతా చెప్పేశాడు, కొంచెం కలిపి మరీ. మాస్టారు ఒక ఎత్తుపీట మీద కూర్చుని పాపాయి నోట కూడా విన్నాడు.

"బొమ్మని చేసినవాడు ముందే పిన్నులు పెట్టేశాడమ్మా, ఒంటికే" అన్నాడు. "అలాంటి నడుంతో ఏ ఆడమనిషినైనా చూశావా ఎక్కడైనా? నేను చూళ్లేదు, మా ఆవిడ మీదొట్టు. నువ్వు గౌనుకున్నవి తీశావు. ఒంటికున్నవి ఎలా తీస్తావు?"

"మరి మీరెందుకు పెడతారు మాస్టారూ?"

ఆయన నవ్వలేదు. "ఆ గౌను నన్నడిగి కత్తిరించలేదు, నిన్నడిగి కత్తిరించలేదు. మనదాకా వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. చివర్న నిలబడి సర్దేవాళ్లం మనం. సర్దడమే నా పని అనుకున్నాను, ఇన్నేళ్లూ అలాగే చేశాను. తప్పో ఒప్పో ఆ పైవాడికి తెలియాలి."

ట్రయల్ గడువు ముగిసింది. మేనేజర్ మేడమ్ గదిలోకి వెళ్లేటప్పుడు పాపాయి ఇంటికి వెళ్లమంటారనే అనుకుంది. మేడమ్ కూర్చోమంది. తన తర్వాత ఆ పని చేయగల చెయ్యి ఈ అమ్మాయికే ఉందని మాస్టారు గట్టిగా చెప్పాడట. ఒకసారి తప్పు చేసిందిగానీ, చేసినదాన్ని తనే సరిదిద్దింది కూడా. షో కేసు ఉద్యోగం నీదే అంది మేడమ్. ఒకటే షరతు, హెడ్ ఆఫీసు గీసి పంపినదే పెట్టాలి, సొంత ప్రయోగాలు వద్దు.

ఇన్నాళ్లూ కోరుకున్నది బల్ల మీద పెట్టినట్టుంది. చెయ్యి చాపితే చాలు. పాపాయి థాంక్స్ చెప్పింది. తర్వాత ఆగలేక అత్తయ్య సంగతి, నర్సు సంగతి, గౌను ఎవరికోసమో, అద్దం ఎవరిని పిలిచిందో అన్నీ చెప్పింది. మేడమ్ మధ్యలో ఆపలేదు.

"ఇది నాకు చెప్పి లాభం లేదు" అంది చివరికి. "మా దగ్గరికి వచ్చేది తయారైన సరుకు. నమూనాలు చూసి ఏ బట్టలు కొనాలో తేల్చే కొనుగోళ్ల గది పై అంతస్తులో ఉంది కదా, అక్కడ చెప్పాల్సిన మాట."

"వాళ్లు రిటర్న్ కౌంటర్ దగ్గరికి వస్తారా మేడమ్?"

"ఎందుకొస్తారు?"

పైన ఖాళీ ఉందా అని పాపాయి అడిగింది. ఉద్యోగం అనదగ్గది లేదు, నమూనా బట్టల పార్సిళ్లు విప్పి, చీటీలు కట్టి, స్టాండ్లకు తగిలించే మనిషి కావాలంటున్నారు, అది కూడా మళ్లీ మూడు నెలల ట్రయల్ అని మేడమ్ చెప్పింది. నువ్వు పైకి వెళ్తే ఈ కుర్చీ నీకోసం ఆగదు, రేపు పొద్దునకల్లా చెప్పు అంది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ తలో మాటా అన్నారు. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకునేవాళ్లుంటారా అని అమ్మ. పార్సిళ్లు విప్పడానికి డిగ్రీ ఎందుకే అని అత్తయ్య, ఈసారి మరీ అంత గట్టిగా కాదు. నాన్న మాత్రం ఏమీ అనలేదు. పాపాయి ఆయన దగ్గరికెళ్లి మీరేమంటారు అని అడిగింది.

"ఒకసారి నా మాట విని పిన్నులు తీసేశావు" అన్నాడు ఆయన. "ఈసారి నా మాట వినకమ్మా. నాకు తెలిసింది మందులు. నీ పని నీకు తెలుసు. దేవుడికి దండం పెట్టుకో, ఆ తర్వాత నీ బుద్ధితో నువ్వే ఆలోచించుకో. ఆయన ఇచ్చింది వాడుకోమనే కదా ఇచ్చాడు."

ఆమె దండం పెట్టుకుంది. ఏమీ కోరలేదు. ఏం కోరాలో తెలియలేదు, అందుకని.

మర్నాడు దుకాణం ముందుకొచ్చి ఆగి, రోడ్డు మీది మనిషిలా షో కేసును చూసింది. ఉదయపు ఎండ పడి నీలం గౌను నిజంగానే అందంగా ఉంది. మాస్టారు పూల కుండీ కొంచెం వెనక్కి జరిపినట్టున్నాడు, అదే సరైన చోటు. తనకైతే తట్టేది కాదు. ఈ పని తనకు ఇష్టం, అందులో అబద్ధం లేదు. కానీ తన పక్కనే ఒకావిడ ఆగింది. అత్తయ్యంత మనిషి. గౌనుకేసి ఇష్టంగా చూసింది, తర్వాత తన ఒంటికేసి చూసుకుని, సంచీ చెయ్యి మార్చుకుని నడిచి వెళ్లిపోయింది. మీకోసమేనండీ అని వెనక పరిగెత్తి చెప్పాలనిపించింది పాపాయికి. ఎంతమంది వెనకని పరిగెడుతుంది?

మేడమ్‌తో పైకి వెళ్తానని చెప్పింది. మాస్టారితో చెప్పడమే కష్టమైంది. ఆయన మణికట్టు దిండులో సూదులు సర్దుకుంటూ విన్నాడు.

"వెళ్లిరా" అన్నాడు. "వెడల్పు గౌన్లు పంపేటప్పుడు వెడల్పు బొమ్మనొకదాన్ని కూడా పంపించు. నాకూ విసుగ్గా ఉంది, వీళ్లందరూ ఒకేలా ఉన్నారు."

కొనుగోళ్ల గదిలో పొడవాటి బల్ల, గోడల చుట్టూ చక్రాల స్టాండ్లు, వాటికి వేలాడే నమూనా బట్టలు. గదికి పెద్ద, కొనుగోలు మేడమ్. భారీ మనిషి, చురుకైన చూపు, ఎప్పుడూ ఒకే తీరు నల్ల వదులు చొక్కాలు. ఆమె ఒక్కొక్క హ్యాంగర్ ఎత్తి పట్టుకుని, గుడ్డ వేళ్ల మధ్య నలిపి చూసి, కుట్టు తిరగేసి చూసి, ఇది తీసుకుందాం, ఇది వద్దు అనేది. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపేవాళ్లు. అంతా చకచకా సాగేది. పాపాయి మూల నిలబడి పార్సిళ్లు విప్పుతూ మొదటి వారమంతా నోరు మెదపలేదు.

రెండో వారంలో ఇటుకరంగు కోటు ఒకటి వచ్చింది. మేడమ్ ఎత్తి చూసింది, బాగుంది అంది. అందరూ బాగుందన్నారు. అది పక్క స్టాండ్‌కు వెళ్లబోతుంటే పాపాయి అడిగింది.

"ఎవరైనా తొడుక్కుని చూస్తే బాగుంటుందేమో మేడమ్."

అలాంటివన్నీ తర్వాత హెడ్ ఆఫీసులో మోడళ్లకు తొడిగి చూస్తారని ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. ఆ మోడళ్లు ఎలా ఉంటారని పాపాయి అడిగింది. మోడళ్లలాగే ఉంటారు అన్నాడాయన. నర్సు సంగతి, రోడ్డు మీద సంచీ చెయ్యి మార్చుకున్న ఆవిడ సంగతి పాపాయి నాలుగు మాటల్లో చెప్పింది.

కొనుగోలు మేడమ్ కోటు మెడ దగ్గర చీటీ తిప్పి సైజు చూసింది. పెద్ద సైజు. అందరూ చీటీకేసి చూశారు, తర్వాత చాలా జాగ్రత్తగా బల్లకేసి చూశారు. ఎవరూ తల ఎత్తలేదు.

"ఎన్నేళ్ల నుంచో కొంటున్నాను" అంది మేడమ్, ఎవరితోనూ కాకుండా. "నేను కొన్నదాంట్లో ఒక్కటీ తొడుక్కోలేదు."

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోటు చేతిమీద వేసుకుని, గది చివర తెర వెనక్కి వెళుతూ పాపాయిని పిలిచింది. మిగతావాళ్లను టీ తాగి రమ్మంది. వాళ్లు బతుకుజీవుడా అని వెళ్లిపోయారు. తెర వెనక గుడ్డ చప్పుడు, బొత్తాల చప్పుడు, ఒక నిట్టూర్పు. మేడమ్ బయటికి వచ్చి, బొత్తాలన్నీ పెట్టుకుని, పరీక్షకు నిలబడ్డట్టు నిలబడింది.

"నన్ను చూసి మొహమాటపడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పాపాయి ముందునుంచి చూసింది. చుట్టూ తిరిగి వెనకనుంచి చూసింది. భుజాలు బాగానే కూర్చున్నాయి, వీపు మధ్యన మాత్రం గుడ్డ కొంచెం బిగిసినట్టుంది. అనుమానంగానే ఉంది, కదిలితే గానీ తేలదు.

"ఒకసారి చేతులు పైకెత్తండి మేడమ్" అంది.